ఏంజెల్‌మన్ సిండ్రోమ్ ఉన్న పాపకు సైగలు ఎలా నేర్పాలి?

మా అమ్మాయికి ఆరేళ్లు. తల్లి నుంచి వచ్చే 15వ క్రోమోజోములో ఒక భాగం లోపించిందని, అందువల్ల యూబీఈ3ఏ జన్యువు మెదడు కణాల్లో పనిచేయడం లేదని జన్యు పరీక్షలో తేలింది. హ్యారీ ఏంజెల్‌మన్ అనే ఆంగ్లేయ పిల్లల వైద్యుడు 1965లో తొలిసారి వివరించిన ఈ స్థితిలో మాటలు అసలు రాకపోవడమో, ఒకటి రెండింటితో ఆగిపోవడమో సాధారణమే అయినా, పిల్లలు పైకి చెప్పగలిగిన దానికంటే చాలా ఎక్కువే అర్థం చేసుకుంటారు. మా పాపలో అది రోజూ చూస్తున్నాను. కావలసిన వస్తువు దగ్గరికి నా చెయ్యి పట్టుకొని తీసుకెళ్తుంది, అక్కర్లేనిదాన్ని తోసేస్తుంది. వేలితో చూపించడం, తల ఊపడం మాత్రం ఇంకా రాలేదు. చేతుల వణుకు వల్ల వేళ్లతో చేసే సంజ్ఞలు ఆమెకు కష్టం.

సైగలు అలవాటైతే ఇక మాటలు రావని ఇంట్లో పెద్దలు భయపడుతున్నారు. అధ్యయనాలు ఆ భయాన్ని సమర్థించడం లేదు కాబట్టి నేను ఆపదలచుకోలేదు. ఆమె సొంతంగా చేసే కదలికలనే స్పష్టమైన సైగలుగా మలచాలా, లేక ఇప్పటి నుంచే కావలసినదాన్ని బొమ్మ చూపి చెప్పే బొమ్మల పలకనో, బొమ్మను తాకితే మాట పలికే, చెన్నైలో రూపొందిన ఆవాజ్ వంటి యాప్‌నో జతచేయాలా? ఇటువంటి పిల్లలతో పనిచేసిన స్పీచ్ థెరపిస్టులు, తల్లిదండ్రులు దయచేసి మీ అనుభవం తెలియజేయండి.