అప్‌డేట్: ఐదు తీగల బేసే తీసుకున్నాను

గుంటూరు, బెజవాడ పెళ్లి ఆర్కెస్ట్రాల్లో వాయించడానికి నాలుగు తీగల బేస్ గిటార్ సరిపోతుందా, ఐదు తీగలది కావాలా అని అడిగాను కదా. ఐదుదే తీసుకున్నాను, సెకండ్ హ్యాండ్‌లో.

గొంతు పట్టేసిందని సింగర్ స్టేజి మీదే శ్రుతి దించమంటే ఇప్పుడు టెన్షన్ లేదు. మొన్న బెంజి సర్కిల్ దగ్గరి ఫంక్షన్ హాల్లో 'ఇ'లో ఉన్న పాటని 'డి'కి దించారు. అదనంగా ఉన్న ఐదో తీగ 'బి', దాని మూడో ఫ్రెట్ (మెట్టు) మీద వేలు పెడితే కింది 'డి' సిద్ధంగా ఉంది.

అయితే వేలు పెట్టకుండా మీటితే 'బి' తీగ దాదాపు 31 హెర్ట్జ్. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా కిందిదైన 'ఇ' తీగే 41. సబ్‌వూఫర్ లేని హాలు స్పీకర్లకి అంత కింది స్వరం ఎక్కడ పలుకుతుంది? కింది శబ్దం ('లో') తగ్గించి, మధ్య శబ్దం ('మిడ్') పెంచమని మీలో ఒకరు చెప్పింది బ్రహ్మాండంగా పనిచేసింది. మా డ్రమ్మర్ అయితే "ఇన్నాళ్లకి నువ్వేం వాయిస్తున్నావో వినపడింది" అన్నాడు (పొగడ్తే అనుకుంటున్నాను).

ఇది యాక్టివ్ బేస్, అంటే లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉంటుంది. జాక్ పెట్టి వదిలేస్తే 9 వోల్టుల బ్యాటరీ అయిపోతూనే ఉంటుంది. అందుకే భోజనాలకి లేచేముందు కేబుల్ పీకేస్తున్నాను. బరువు మాత్రం ఎక్కువే, వెడల్పాటి పట్టీ లేకపోతే అర్ధరాత్రికి భుజం దిగలాగేస్తుంది.

పాతది అమ్మడం లేదు. ఆదివారం చర్చిలో వాయించడానికి అదే హాయి.