ఫాస్ట్ కలర్ అంటే రంగు బేగి పోద్దనా?

బరంపురం టీచరమ్మ:
అందరికీ నమస్కారం. సాయంత్రం పూట మా వీధి పిల్లలు ఎనిమిది మందికి ఇంగ్లీషు చెప్తున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు, అదీ వాళ్ళ పరిస్థితి. నిన్న ఒక గుంట వాళ్ళమ్మ పట్టుచీరకున్న చీటీ తెచ్చింది, 'కలర్స్ ఆర్ ఫాస్ట్' అని ఉంది. "టీచర్, ఫాస్ట్ అంటే బేగి కదా, రంగు బేగి పోద్దని వాళ్ళే రాసీసి ఎలగ అమ్ముతారు?" అంది. పోదమ్మా అనే దాని అర్థం అన్నాను గానీ ఎందుకలాగ అంటే చెప్పలేకపోయాను. మా తాతగారు ఒక వాక్యం చెప్పేవారు, 'హి హెల్డ్ ఫాస్ట్ టు ది' అని, తర్వాత తాడో కొమ్మో, ఆ చివరి మాట రాత్రంతా బుర్రలో తిరుగుతోంది, అందట్లేదు. ఎవరికైనా తెలుసా?

రాయగడ నుంచి:
తాడే అయ్యుంటుందండి, మా గ్రామర్ పుస్తకంలో 'రోప్' అనే ఉండేది. ఫాస్ట్‌కి పాత అర్థమే 'గట్టి', 'కదలనిది'. స్పీడ్ తర్వాత వచ్చింది. ఫాసెన్, స్టెడ్‌ఫాస్ట్, ఫాస్ట్ ఫ్రెండ్స్, ఫాస్ట్ అస్లీప్, అన్నిట్లోనూ ఆ గట్టిదనమే ఉంది. పిల్లలకి ఇంకో విషయం కూడా చెప్పండి, ఫాస్ట్‌లీ అనే మాట లేదు, రన్ ఫాస్ట్ అనాలి. మావాళ్ళు ఇంటర్వ్యూల్లో కూడా ఫాస్ట్‌లీ అనేస్తున్నారు, వింటే బాధేస్తోంది.

మగ్గాల వీధి, బరంపురం:
నేను మగ్గం ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, మా అమ్మ కొత్త చీర మూల తడిపి తెల్లగుడ్డ మీద పెట్టి బొటనవేలితో నొక్కి పట్టుకునేది, మేం పిల్లలం ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. గుడ్డకి ఎరుపు అంటితే 'రంగు దిగుతోంది' అనేది, అంటకపోతే 'గట్టి రంగు'. ఆ గట్టి రంగే ఫాస్ట్ కలర్. ఇంకో తమాషా చూడండి, రంగు దిగితే ఇంగ్లీషులో కలర్ రన్ అయింది అంటారు. మనిషి ఫాస్ట్‌గా రన్ చేస్తాడు గానీ రంగు ఫాస్ట్ అయితే రన్ అవదు. ఆ పాపకి ఇది చెప్పండి టీచరమ్మా, జన్మలో మర్చిపోదు.

పర్లాకిమిడి మాస్టారు:
బాగా చెప్పారు బాబూ. నేను ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను, నాకు తట్టింది కూడా వినండి. మన 'గట్టిగా' కూడా అదే దారిన పోయింది. గట్టిగా పట్టుకో అంటే బిగించి, గట్టిగా అరువు అంటే పెద్దగా, గట్టిగా తొక్కు అంటే సైకిల్ జోరుగా. ఇంగ్లీషువాళ్ళకీ అంతే, గట్టిగా పరిగెత్తడం కాస్తా త్వరగా పరిగెత్తడం అయి కూర్చుంది. ఇక ఉపవాసం ఫాస్ట్ అంటారా, అదీ పరాయిది కాదు, నియమాన్ని గట్టిగా పట్టుకోవడమే. మనం నోము 'పట్టాను', దీక్ష 'పట్టాడు' అనమూ? ఆ పట్టే ఈ ఫాస్ట్. దాన్ని విడిస్తే బ్రేక్‌ఫాస్ట్.

గుణుపురం:
నోము పట్టడం దగ్గర ఒళ్ళు పులకరించింది మాస్టారూ. నాదీ ఒక మాట, మన 'బేగి' కూడా 'బిగి' లోంచే వచ్చి ఉండాలి, బిగువు నుంచి వేగం, అచ్చం ఫాస్ట్ లాగే.

పర్లాకిమిడి మాస్టారు:
కాదు. అది వేగం లోంచి వచ్చింది.

జయపురం:
ఒడియా నుంచి వచ్చింది అనుకుంటా, వాళ్ళు వ ని బ అంటారు కదా.

పర్లాకిమిడి మాస్టారు:
మరి కన్నడంలో బేగ ఎక్కణ్ణుంచి వచ్చింది? బెంగళూరులో రోజూ అనేది అదే. ఒడియా పక్కనుందని ప్రతి మాటా అక్కడికి పంపకండి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది, జనం నోట్లో మాటకి విలువ ఉందని ఆయన జీవితమంతా పోరాడారు. బేగి మన మాటే.

గుణుపురం:
సరేనండి, ఒప్పుకున్నాను. కానీ ఫాస్ట్ రెండు అర్థాలూ ఒకే కథలో కావాలంటే గజేంద్రమోక్షం ఉంది చూడండి. మొసలి పట్టు ఒక ఫాస్టు, 'సిరికిం జెప్పడు' అని ఆయన పరిగెత్తుకు రావడం ఇంకో ఫాస్టు. పోతన గారు 'కరి దిగుచు మకరి సరసికి' అన్నారే, ఏనుగుని పట్టుకుని మొసలి సరస్సులోకి దిగుతోంది, ఆ దిగడం కళ్ళకి కనిపిస్తుంది.

పర్లాకిమిడి మాస్టారు:
అమ్మా, అది దిగడం కాదు. 'కరిఁ దిగుచు', అరసున్న ఉంది. కరిన్ మీద తిగుచు వచ్చి త కాస్తా ద అయింది. తిగుచు అంటే లాగు. కరిని లాగే మకరి.

మగ్గాల వీధి, బరంపురం:
మా అమ్మమ్మ దిగుచు అనే చదివేదండి, నాకూ రంగు దిగడమే గుర్తొచ్చింది.

పర్లాకిమిడి మాస్టారు:
అమ్మమ్మగారు పలికింది సరే, పద్యంలో దకారమే వినిపించాలి. అర్థం మాత్రం వేరు. రెండో పాదం చూడండి, 'కరి దరికిని మకరిఁ దిగుచు'. దరికి ఎవరైనా దిగుతారా? గట్టుకి లాగుతారు. ఏనుగు అటు, మొసలి ఇటు, తాడాటలాగ. అదే గుణుపురం వారు చెప్పిన 'సిరికిం జెప్పడు' లోనూ ఉంది, చెప్పడు కాస్తా జెప్పడు కాలేదూ?

జయపురం:
నా దగ్గరున్న పుస్తకంలో అరసున్న లేదండి. అరసున్న తీసేసి అచ్చువేస్తే చదివేవాళ్ళు దిగడం అనుకోరా మరి? 'కరకరి బెరయన్' లో కరకరి కూడా చెప్పండి, అది ఏనుగు ఇంకోసారి వచ్చిందా?

పర్లాకిమిడి మాస్టారు:
కాదు, కరకరి అంటే కసి, విరోధం. బెరయన్ అంటే కలగగా, పెరగగా అనండి. ఏనుగులా వినిపించేలా పెట్టడం ఆయన చెయ్యి. ఆ పద్యం నాలుగు పాదాలూ పైకి చదివి చూడండి, క లూ ర లూ ఒకదాన్నొకటి ఎలా లాగుతున్నాయో తెలుస్తుంది.

బరంపురం టీచరమ్మ:
అందరికీ నమస్కారాలు. ఇవాళ పిల్లల ముందు చీర మూల తడిపి తెల్లగుడ్డ మీద నొక్కి చూపించాను, అంటలేదు. గట్టి రంగు అని ఆ గుంటే అంది. వెంటనే ఇంకోడు లేచి, హార్డ్ అండ్ ఫాస్ట్ రూల్ అంటారు కదా టీచర్, హార్డూ గట్టే ఫాస్టూ గట్టే అయితే రెండెందుకు అన్నాడు.

గోపాలపురం:
అది పడవవాళ్ళ మాటమ్మా. ఓడ నేలకి తగిలి ఇసకలో కూరుకుపోతే హార్డ్ అండ్ ఫాస్ట్ అనేవారు. మా తీరంలో పడవ అలాగ ఇసక పట్టీస్తే ఇరవై మంది భుజం వేసినా కదలదు, చూస్తే గానీ తెలీదు. పోటు వచ్చేదాకా కూర్చోడమే.

జయపురం:
మాస్టారూ, ఆ పడవని ఒడ్డుకి లాగడానికి కూడా తిగుచు వాడొచ్చా, లేకపోతే అది ఏనుగులకేనా?

రాయగడ నుంచి:
టీచరమ్మ గారూ, తాతగారి వాక్యంలో తాడు కాదేమో, 'రెయిల్' కూడా చదివినట్టు గుర్తు. వెతికి చెప్తాను.