బీఎస్సీ అయ్యాక నెట్‌వర్కింగ్: ఎంసీఏనా, సీసీఎన్‌ఏనా?

బ్రాడీపేట బుల్లోడు:
అన్నలూ, అక్కలూ, బీఎస్సీ కంప్యూటర్స్ అయిపోయింది. ఏడాదిగా బెజవాడ వన్‌టౌన్‌లో ఒక కేబుల్ నెట్ ఆఫీసులో చేస్తున్నా. కేబుల్ కొసకి ఆర్‌జే45 కనెక్టర్ క్రింప్ చేయడం, రౌటర్లు బిగించడం, నెట్ పోతే కస్టమర్ల చేత తిట్లు తినడం. నెట్‌వర్క్ అడ్మిన్ అవ్వాలని ఉంది. ఇంట్లో ఐసెట్ రాసి ఎంసీఏ చెయ్యమంటున్నారు, ఫ్రెండేమో రెండేళ్లు దండగ, సిస్కో వాళ్ల నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్‌ఏ కొట్టెయ్ అంటున్నాడు. పోనీ నేరుగా ఎంటెక్ చెయ్యొచ్చా?

పాత స్విచ్:
ఎంటెక్ కుదరదు తమ్ముడూ, బీటెక్కో ఎంసీఏనో ఉండాలి. ఎంసీఏ ఇదివరకు మూడేళ్లు, 2020 నుంచి రెండేళ్లే. కాకపోతే అందులో నెట్‌వర్క్స్ ఒకటి రెండు సబ్జెక్టులు, మిగతాదంతా జావా, డేటాబేస్. నెట్‌వర్క్ పనిని అంచెలుగా చెప్పే ఓఎస్‌ఐ మోడల్ ఏడు లేయర్లు బట్టీ పట్టి పాసైన బాపతు నేను. ఉద్యోగంలో చేరిన రెండో వారం టేబుల్ కింద ఒక కేబుల్ వేలాడుతుంటే ఊడిందేమో అనుకుని నెట్‌వర్క్ స్విచ్‌లో గుచ్చా, దాని రెండో కొస అప్పటికే అదే స్విచ్‌లో ఉంది! లైట్లన్నీ ఒక్కసారిగా టపటపా కొట్టుకున్నాయి, నిమిషంలో ఫ్లోరంతా నెట్ బంద్. ఇలాంటి లూపుల్ని ఆపే స్పానింగ్ ట్రీ ఆఫ్‌లో ఉంది, అందరికీ వెళ్లే బ్రాడ్‌కాస్ట్ ఫ్రేములు గానుగెద్దుల్లా తిరుగుతూనే ఉన్నాయి. అదే స్పానింగ్ ట్రీ మీద సెమిస్టర్‌లో పేజీన్నర రాశా మరి.

మంగళగిరి అక్క:
నేను ఎంసీఏ వైపే. సీసీఎన్‌ఏకి మూడేళ్లే గడువు, తర్వాత రెన్యువల్ తప్పదు, డిగ్రీకి ఆ గొడవ లేదు, పైగా పీజీ లేకపోతే కొన్నిచోట్ల రెజ్యూమే తెరవరు. ఫీజు కట్టేముందు మాత్రం కాలేజీకి వెళ్లి ల్యాబ్ చూపించమను. స్విచ్‌లు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉంటే వచ్చెయ్. ఈలోపు కంప్యూటర్లోనే నెట్‌వర్క్ కట్టి చూసే ప్యాకెట్ ట్రేసర్ వేసుకో, ఉచితమే.

పాత స్విచ్:
అక్క చెప్పింది కరెక్టే, ఉద్యోగం మాత్రం మానకు. సరే, కాగితం లేకుండా చెప్పు: 192.168.10.0, స్లాష్ 26. హోస్టులెన్ని, అంటే ఎన్ని మిషన్లకి అడ్రస్ ఇవ్వొచ్చు?

బ్రాడీపేట బుల్లోడు:
64

బ్రాడీపేట బుల్లోడు:
ఆగండాగండి, 62. 32 బిట్లలో 26 నెట్‌వర్క్‌కే, మిగిలిన ఆరింటికి 64 అడ్రసులు, అందులో మొదటిది నెట్‌వర్క్‌కి, చివరిది బ్రాడ్‌కాస్ట్‌కి పోతాయిగా.

పాత స్విచ్:
ఊఁ. మూడో సబ్‌నెట్ ఎక్కడ మొదలు?

బ్రాడీపేట బుల్లోడు:
64 చొప్పున 0, 64, తర్వాత 128. ట్రైన్ కృష్ణా కెనాల్ దగ్గర ఆపేశాడు, వేళ్ల మీద లెక్కేశా. ఐసెట్‌కి అప్లై చేస్తా అన్నా, ల్యాబ్ ఫొటోలు తీసి ఇక్కడే పెడతా.