సమోధానాన్ని ‘నీతి’ అనవద్దు

బుద్ధుడి పూర్వజన్మ కథ అయిన జాతకం చివర, అప్పటి పాత్రలు ఇప్పుడెవరో బుద్ధుడు చెప్పే భాగానికి ‘సమోధానం’ అని పేరు. ఈ పాలి మాటకు తెలుగులో ‘నీతి’ అని రాస్తే సరిపోతుంది కదా అని అడిగారు. సరిపోదండీ. విశాఖ దగ్గరి బౌద్ధ క్షేత్రం తొట్లకొండ మీద పిల్లలకు చెప్పడానికి మనం ఎంచుకున్న సేరివాణిజ జాతకాన్నే చూడండి.

ఇద్దరు వర్తకులు తేలవాహ నది దాటి అంధపురం చేరతారు. (ఇది ఆంధ్రుల నగరమేనన్న అభిప్రాయం ఉంది, మన పిల్లలకు ఈ కథే చెప్పాలనడానికి అదొక కారణం.) చితికిపోయిన కుటుంబంలోని అవ్వ, మసిపట్టిన గిన్నె తీసుకుని మనవరాలికి ఏదైనా నగ ఇమ్మంటుంది. మొదటివాడు సూదితో గీటు పెట్టి, బంగారమని తెలిసికూడా ‘అర మాషకం (చిన్న నాణెం) చేయదు’ అని నేలకు విసిరేసి పోతాడు. తర్వాత వచ్చినవాడు ‘లక్ష చేస్తుందమ్మా, అంత సొమ్ము నా దగ్గర లేదు’ అంటాడు. ఉన్న 500 కహాపణాలూ (ఆనాటి నాణేలు), మరో 500 విలువచేసే సరుకూ ఇచ్చేసి, 8 నాణేలు, తక్కెడ, సంచీ మాత్రం అడిగి ఉంచుకుంటాడు. మొదటివాడు తిరిగొచ్చి, గిన్నె చేజారిందని కుమిలిపోయి రెండోవాడిపై పగబడతాడు.

‘అత్యాశ చేటు’ అనే నీతి తోచడం సహజమే. కానీ బుద్ధుడు ఈ కథ చెప్పింది అత్యాశపరుడికి కాదు, సాధన వదిలేసిన ఒక భిక్షువుకు. కథలోని గాథ (పద్యం) చూడండి: ‘చిరం త్వం అనుతప్పేసి, సేరివాయం వ వాణిజో’. ఇప్పుడు ధర్మమార్గం చేజార్చుకుంటే, గిన్నె పోగొట్టుకున్న ఆ సేరివ వర్తకుడిలా చాలాకాలం పరితపిస్తావని. మనం అతికించే నీతి ఈ హెచ్చరికను కప్పేస్తుంది.

సమోధానం ఆ తర్వాత వస్తుంది. అందులో బుద్ధుడు అంటాడు: అప్పటి మూర్ఖ వర్తకుడు దేవదత్తుడు (బుద్ధుడికి విరోధిగా మారిన భిక్షువు), ‘పండితవాణిజో అహమేవ’, అంటే తెలివైన వర్తకుణ్ణి నేనే. సంస్కృతంలో సమవధానం, అంటే ఒకచోట చేర్చడం. అప్పటివారిని ఇప్పటివారితో కలిపే ఈ వాక్యం తీసేస్తే మిగిలేది మంచి కథే, జాతకం మాత్రం కాదు. దేవదత్తుడి పగకు మొదలు ఇదేనని ఈ కథే చెబుతుంది. ఆ సంగతీ పోతుంది.

నా మనవి: సమోధానం అనే మాటనే ఉంచి, పక్కన ‘అప్పటివారు, ఇప్పటివారు’ అని వివరణ ఇద్దాం. ‘బుద్ధుడే ఆ వర్తకుడు’ అని ప్రథమ పురుషలోకి మార్చకుండా, ‘ఆ తెలివైన వర్తకుణ్ణి నేనే’ అని ఉత్తమ పురుషలోనే చెప్పిద్దాం. ‘వాణిజో’కు వర్తకుడు మేలా, బేహారి మేలా అన్నది మీరు చెప్పండి.