ఎయిర్ రైఫిల్ ముందు రింగ్: చిన్నది మంచిదా, పెద్దది మంచిదా?

రాజాం అమ్మ:
మా పాప ఇంటర్ ఫస్టియర్. విజయనగరంలో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. ఫ్రంట్ సైట్‌లో (తుపాకీ ముందు చివర గురి చూసే భాగంలో) 3.4 మి.మీ. రంధ్రం ఉన్న రింగ్ వాడుతోంది. కోచ్ గారు 4.2కి మార్చమంటున్నారు. సీనియర్ అబ్బాయేమో రింగ్ ఎంత బిగువుగా ఉంటే గురి అంత బాగుంటుందంటున్నాడు. ఎవరి మాట వినాలో తెలియక అడుగుతున్నాను.

బొబ్బిలి షూటర్:
చిన్నదే ఉంచండి మేడమ్. రింగ్‌లోంచి చూసినప్పుడు నలుపు (టార్గెట్ మధ్యలోని నల్ల గుండ్రం) చుట్టూ తెలుపు సన్నగా ఉంటేనే కాస్త పక్కకి జరిగినా తెలుస్తుంది. టార్గెట్‌లో పదో వలయం అర మిల్లీమీటరు చుక్క. దానికి అంత వదులు రింగ్ ఎందుకు? నేను 50 మీటర్ల ప్రోన్‌లో (బోర్లా పడుకుని కాల్చే పోటీలో) 3.4తోనే కాలుస్తాను, ఏ ఇబ్బందీ లేదు.

శ్రీకాకుళం రైఫిల్:
బొబ్బిలి గారూ, మీ 3.4 మీకు సరిపోవడానికి కారణం వేరే ఉంది. 50 మీటర్ల టార్గెట్‌లో నలుపు 112.4 మి.మీ. కంటికి మీటరు దూరంలో ఉన్న రింగ్‌లోంచి చూస్తే అది సుమారు 2.25 మి.మీ.గా కనిపిస్తుంది. అంటే మీ నలుపు చుట్టూ బోలెడు తెలుపు ఉంది. పది మీటర్లలో నలుపు 30.5 మి.మీ., అదే రింగ్‌లోంచి 3.05గా కనిపిస్తుంది. ఒకే 3.4 మీకు వదులు, పాపకి బిగువు.

ఇక అసలు విషయం. పాప రింగ్‌లో నలుపు అంచు రింగ్‌ని తాకాలంటే, గురి టార్గెట్ దగ్గర దాదాపు 1.75 మి.మీ. జరిగితే చాలు. పెల్లెట్ వ్యాసం 4.5 మి.మీ. కాబట్టి దాని మధ్యభాగం 2.5 మి.మీ. పక్కకి పడినా స్కోరు పదే. అంటే పాపకి "తాకేసింది, తప్పిపోయింది" అనిపించే క్షణంలోనూ తుపాకీ పదిలోనే ఉంది! ఆ టెన్షన్‌తో షాట్ ఆపి ఆపి, ఊపిరి పట్టి, చివరికి ట్రిగ్గర్ లాగేస్తుంది. నిలబడి కాల్చేటప్పుడు ఒళ్లు కదలకుండా ఉండదు, ఎంత పెద్ద షూటర్‌కైనా. 4.2లో నలుపు రింగ్‌ని తాకాలంటే 5.75 మి.మీ. జరగాలి, అక్కడ స్కోరు ఎనిమిది. అప్పుడు కన్ను హెచ్చరించడంలో అర్థం ఉంది. అంతవరకూ నలుపు రింగ్ మధ్యలో ఉందో లేదో కన్ను తనే పట్టేస్తుంది, మనం కొలవక్కర్లేదు.

వెలుతురు కూడా చూడండమ్మా. పోటీల్లో టార్గెట్ మీద కనీసం 1500 లక్స్ (వెలుతురు కొలత) ఉండాలని రూలు. ట్యూబ్‌లైట్ల హాల్లో అంత ఉండదు. మసక వెలుతురులో సన్నటి తెలుపు గీత ముందుగా మాయమవుతుంది.

బొబ్బిలి షూటర్:
50 మీటర్ల లెక్క ఒప్పుకుంటున్నాను, అది నేను ఆలోచించలేదు. కానీ 3.4 నుంచి ఒకేసారి 4.2కా? రింగ్‌లో నలుపు మరీ తేలిపోతున్నట్టుంటే పిల్ల అశ్రద్ధగా వదిలేస్తుంది. 3.8తో మొదలుపెట్టి చూడమనండి.

శ్రీకాకుళం రైఫిల్:
3.8తో మొదలుపెట్టినా నష్టం లేదు, నాకు మాత్రం కోచ్ గారి 4.2 మీదే నమ్మకం. కోచ్ ఆమె కదలికని రోజూ చూస్తున్నారు, మనం చూడటం లేదు.

రాజాం అమ్మ:
థాంక్స్ అండీ. రింగ్ మారిస్తే వెనక సైట్ క్లిక్కులు (గురిని కొద్దికొద్దిగా జరిపే మరలు) కూడా తిప్పాలా? పై నెలలో జిల్లా పోటీ ఉంది.

శ్రీకాకుళం రైఫిల్:
ముందే తిప్పొద్దమ్మా. కొత్త రింగ్‌తో ఐదు షాట్ల గ్రూప్ వేయించండి, గ్రూప్ మొత్తం ఒక పక్కకి పడితేనే తిప్పాలి. ఒక్కో షాట్‌కీ తిప్పితే తప్పు సైట్‌దో చేతిదో ఎప్పటికీ తెలియదు. మరీ దూరంగా పడితే సంగతి వేరు: 2008 బీజింగ్ ఒలింపిక్స్ ఫైనల్‌కి ముందు అభినవ్ బింద్రా సైటింగ్ షాట్ (స్కోరు లెక్కించని, గురి సరిచూసుకునే షాట్) నాలుగులో పడింది, అతను సైట్ సరిచేసుకుని మొదటి స్కోరింగ్ షాట్ 10.7 కాల్చాడు. నెల ఉంది కాబట్టి మార్పు ఈ వారమే చేయించండి. పోటీకి ముందు చివరి వారంలో మాత్రం రింగ్, ఐరిస్ (వెనక సైట్‌లో కన్ను పెట్టి చూసే రంధ్రం), చీక్‌పీస్ (చెంప ఆనించే భాగం) ఏదీ ముట్టుకోనివ్వద్దు.