అప్‌డేట్: పెనాంగ్‌లో పంది కొవ్వు తగలకుండా చైనీస్ చిరుతిళ్లు

పంది మాంసం, బీఫ్ ముట్టని మేము మలేషియాలోని పెనాంగ్ రాజధాని జార్జ్‌టౌన్‌లో చైనీస్ బండ్ల దగ్గర ఏం తినొచ్చని ఆమధ్య అడిగాను కదా. వెళ్లొచ్చాం. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

మీరన్నట్టే చిక్కంతా చార్ క్వే టియో (వెడల్పాటి బియ్యపు నూడుల్స్ వేపుడు) దగ్గరే. రొయ్యలు, గుడ్డు, పెసర మొలకలు వేసి పెద్ద మంట మీద వేయిస్తుంటే నోరూరిపోతుంది గానీ, చాలాచోట్ల వేయించేది పంది కొవ్వులోనే. అడిగితే దాచకుండా చెప్తారు. నూనెతో చేసే బండి దొరికాకే తిన్నాం.

నాకు తెగ నచ్చింది మాత్రం ముఆ చీ. వేడి వేడి జిగురు బియ్యప్పిండి ముద్దని కత్తెరతో చిన్నచిన్న ముక్కలు చేసి, వేరుశనగ పొడి, చక్కెరలో దొర్లించి ఇస్తారు. మన చలిమిడికి పల్లీపొడి అద్దినట్టే, కాకపోతే ఇంకా సాగుతుంది. మా ఆయన ఓటు అపమ్ బాలిక్‌కి. పలచటి అట్టు, లోపల పల్లీలు, మొక్కజొన్న, అంచులు కరకర.

తౌ సార్ పియా బిస్కెట్లలో ఉండేది పెసరపప్పు ముద్దే, కానీ పైపొరలో పంది కొవ్వు కలిపేవాళ్లు ఉన్నారు. డబ్బా చదివి కొనండి. మేం వదిలేశాం.

ఇంకోటి: కోపిటియామ్‌లో (కాఫీ షాపు, తిండి బండ్లు ఒకేచోట ఉండే హోటల్) తిండి బండివాళ్లకి, తాగేవి కాఫీ షాపువాళ్లకి విడిగా చెప్పాలి. డబ్బులూ విడిగానే. తాగడానికి ఏమీ చెప్పకుండా టేబుల్ పట్టేస్తే మూతి ముడుస్తారు.