ఇంట్లో పీసీబీ ఎచింగ్: ఫెర్రిక్ క్లోరైడా, యాసిడ్-పెరాక్సైడా?

హన్మకొండ, డిప్లొమా విద్యార్థి:
అన్నలూ, లైన్ ఫాలోయర్ రోబోకి (నేల మీద గీత వెంట నడిచే రోబో) పీసీబీ, అంటే రాగి పొర ఉన్న సర్క్యూట్ బోర్డు, రూమ్‌లోనే చేస్తున్నా. గ్లాసీ పేపర్ మీద లేజర్ ప్రింట్ తీసి ఇస్త్రీపెట్టెతో వత్తితే టోనర్ (ప్రింటర్ ఇంకు పొడి) బోర్డు మీదికి బాగానే ఎక్కింది. ఇప్పుడు ఎచింగ్‌కి, అంటే టోనర్ లేని చోట రాగిని కరిగించి తీసేయడానికి, ఫెర్రిక్ క్లోరైడ్ కొనాలా, బాత్‌రూమ్ యాసిడ్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలపాలా? రూమ్మేట్ రెండోదే చవక అంటున్నాడు, నాకేమో టెన్షన్‌గా ఉంది.

కరీంనగర్ నుంచి:
యాసిడ్-పెరాక్సైడే తమ్ముడూ. ఫెర్రిక్ ముదురు గోధుమ రంగులో ఉంటుంది, లోపల బోర్డు కనిపించదు, బట్టల మీద పడితే మరక పోదు. యాసిడ్-పెరాక్సైడ్ అయితే వాడే కొద్దీ ఆకుపచ్చ క్యూప్రిక్ క్లోరైడ్‌గా (రాగి లవణం) మారుతుంది, అదే మళ్లీ రాగిని కరిగిస్తుంది. అక్వేరియం పంపుతో గాలి పంపి, అప్పుడప్పుడు కాస్త యాసిడ్ కలిపితే చాలు, చాలాసార్లు వాడుకోవచ్చు, పారబోసే పని తక్కువ.

కాజీపేట నుంచి:
అన్నా, మీ కెమిస్ట్రీ కరెక్టే, కానీ ఈ తమ్ముడు చేసేది రూమ్‌లో. ఆ మిశ్రమం నుంచి యాసిడ్ ఆవిరి వస్తుంది, పెరాక్సైడ్ ఎక్కువైతే క్లోరిన్ కూడా వస్తుంది. నేను బాల్కనీలో చేసి, మూత సరిగ్గా పెట్టకుండా అక్కడే వదిలేస్తే వారం తిరిగేసరికి పక్కనున్న స్క్రూడ్రైవర్లు, కట్టర్ అన్నీ తుప్పు పట్టాయి, మరి ఊపిరితిత్తుల సంగతేంటి? గట్టిగా మూత పెడదామంటే లోపల గ్యాస్ పెరిగి సీసా పగులుతుంది. ఫెర్రిక్‌తో ఆ బాధ చాలా తక్కువ. ప్లాస్టిక్ ట్రేలో నీళ్లు పోసి పొడి కొద్దికొద్దిగా వెయ్యి, పొడి మీద నీళ్లు పోయొద్దు, బాగా వేడెక్కుతుంది. ట్రేని వేడినీళ్ల టబ్‌లో పెట్టి 40, 50 డిగ్రీల దగ్గర మెల్లగా ఊపుతూ ఉంటే మామూలు 35 మైక్రాన్ల రాగి తొందరగానే పోతుంది. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. స్టీల్ సింక్ దగ్గరికి మాత్రం తీసుకుపోకు, స్టీల్‌ని కూడా తినేస్తుంది.

కరీంనగర్ నుంచి:
రూమ్ అంటే ఒప్పుకుంటా. కానీ వాడిన ఫెర్రిక్‌లో కూడా రాగి ఉంటుంది కదా, అదెక్కడ పోయాలి?

కాజీపేట నుంచి:
మోరీలో మాత్రం వద్దు. మన మోరీల నీళ్లు చెరువుల్లోకే పోతాయి, రాగి కొంచెం కలిసినా చేపలకు విషమే. ఆరుబయట పాత ఇనుప మేకులు వేసి ఒకటి రెండు రోజులు ఉంచితే రాగి ఎర్రగా వాటి మీద పేరుకుంటుంది. తర్వాత బట్టల సోడా కొద్దికొద్దిగా, నురగ ఆగేదాకా వేస్తే మిగిలింది మడ్డిగా అడుగుకు దిగుతుంది. ఆ మడ్డిని ఆరబెట్టి డబ్బాలో దాచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే వాళ్లకు ఇవ్వాలి.

హన్మకొండ, డిప్లొమా విద్యార్థి:
అయితే ఫెర్రిక్కే తెస్తా అన్నా. మేకులు ఇప్పటి నుంచే జమ చేస్తా.